కొమ్ముపిడి చాకు

పన్నెండవ వారం

పోయినవారం మేస్త్రిని మనం ఎక్కడ వదిలిపెట్టామో, పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. కుర్చీలు అల్లే దుకాణం మధ్యలో, నీళ్లతొట్టి పక్కన. ఎడమచేతిలో నానిన పేము బద్ద. కుడిచెయ్యి మాత్రం ఆయన్ను అడక్కుండానే వెళ్లి ప్యాంటు జేబును గట్టిగా పట్టుకుంది. గుమ్మంలో పెద్ద మేస్త్రి కూతురు. తండ్రి కర్మలు అయిపోయాక పద్నాలుగేళ్లుగా ఈ దుకాణం గడప తొక్కని మనిషి, కూర్చునేచోట చిరుగులు పడ్డ కుర్చీనొకదాన్ని భుజాన మోసుకొచ్చి, "గుర్తున్నానా అన్నయ్యా?" అంది.

ఆ జేబులో ఏముందో మీకు తెలుసు. కొమ్ముపిడి మడత చాకు. అది పెద్ద మేస్త్రిది. మంచం పట్టిన ఆఖరి నెలలో ఆ ముసలాయన మనిషి మనిషినీ పిలిచి, తన వస్తువులన్నీ స్వయంగా చేతుల్లో పెట్టాడు. గోడగడియారం ఎదురింటి దర్జీకి. నల్లగొడుగు పోస్టుమ్యానుకు. చదరంగం బల్ల బడిపంతులుకు. పదకొండేళ్లు పక్కన కూర్చుని పనిచేసిన మనవాడికైతే ఏకంగా దుకాణమే ఇచ్చాడు, తొట్టితో, పీటలతో, పేము కట్టలతో సహా. చాకు ఒక్కటీ విడిగా తీసి, "ఇది బుల్లికి. నువ్వే తీసుకెళ్లి ఇవ్వు. దానికి అర్థమవుతుంది" అన్నాడు. బుల్లి అంటే ఈ కూతురే. ఆ చాకు బుల్లికి చేరలేదు. ఆ సంగతి తనకు తప్ప ఈ వీధిలో ఇంకెవరికీ తెలియదని మేస్త్రి నమ్మకం.

"గుర్తుండకపోవడమేమిటమ్మా," అన్నాడు మేస్త్రి. "రా, లోపలికి రా. ఆ కుర్చీ ఇటివ్వు."

"నేనే దించుకుంటాలే."

ఆమె కుర్చీ దించి, చీర కొంగుతో మెడ తుడుచుకుని, దుకాణమంతా ఒకసారి కలయజూసింది. నలభై అయిదేళ్లుంటాయి. ముందు జుట్టు నెరిసింది గాని నడకలో బిగువు తగ్గలేదు. చూపు అచ్చం తండ్రిదే. ఏ వస్తువు మీద పడితే ఆ వస్తువు సర్దుకుని కూర్చోవాలనిపించే చూపు.

"తొట్టి అక్కడే ఉంచావే! నాన్న కిటికీ కింద పెట్టాలనేవాడు, నేను తలుపు పక్కన అనేదాన్ని. రోజూ గొడవే."

"ఆయన పెట్టినచోటే ఉంచానమ్మా. దేన్నీ కదల్చలేదు."

కదల్చలేదు అన్నమాట నోట్లోంచి వచ్చాక గాని అదెంత అబద్ధమో మేస్త్రికి తట్టలేదు. ఒకదాన్ని కదిల్చాడు. ఈ దుకాణంలోంచి ఆమె ఇంటికి వెళ్లాల్సిన దాన్ని తన జేబులోకి కదిల్చాడు.

"వీధి మొదట్నుంచీ నడిచొచ్చాను," అంది ఆమె, చిన్న పీట లాక్కుని కూర్చుంటూ. "దర్జీ మామయ్య నన్ను చూడగానే లోపలికి లాక్కెళ్లి గడియారం చూపించాడు. ఈ పద్నాలుగేళ్లూ తనే కీ ఇచ్చాడట, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడట. పోస్టుమ్యాను బాబాయ్ రిటైరైనా ఆ గొడుగు వదల్లేదు. వాన లేదు, ఎండ లేదు, వేసుకుని తిరుగుతున్నాడు. వీధి వీధంతా మా నాన్ననే వాడుకుంటోంది అన్నయ్యా."

నవ్వుతూనే అంది. ఆ నవ్వు చివర ఏదో సన్నగా తెగింది. మేస్త్రి తల దించుకుని తొట్టిలో బద్దలు కలియబెట్టాడు.

"ఇదిగో, ఈ కుర్చీ సంగతి చెబితే నాన్న పడీపడీ నవ్వేవాడు. మా ఫ్యాక్టరీదే. మిషను మీద నేసిన చాప అతికించిన సరుకు. దీనికోసమేగా ఆ రోజు నాన్నతో అంత పోట్లాడి వెళ్లిపోయింది! చేత్తో అల్లే రోజులు పోయాయి నాన్నా, మిషను చాప తెప్పిద్దాం అన్నాను. అయితే ఆ మిషను దగ్గరికే పో అన్నాడు. పోయాను. చూడు, ఆరేళ్లకే చిల్లులు పడింది."

"మరి బాగుచేయనా?"

"నువ్వొద్దు. నేనే అల్లుకుంటాను. చెయ్యి మర్చిపోయిందో లేదో చూసుకోవాలి. నీ దుకాణంలో కాస్త చోటిస్తావా?"

"దుకాణం నీదేనమ్మా."

"నీకిచ్చాడుగా నాన్న. నీదే." ఆ మాటలో ఏ ముల్లూ లేదు. అందుకే అది ఇంకా లోతుగా దిగింది. "ఒక చాకు ఇవ్వు. బద్దల లోపలి బెండు గీసుకోవాలి."

మేస్త్రి గోడకు వేలాడుతున్న కొత్త చాకు తీసి ఇచ్చాడు. తన రెండో చెయ్యి జేబును వదలకపోవడం ఆమె చూసిందేమోనని భయపడ్డాడు. చూడలేదు. చూసినా చూడనట్టే ఉంది.

ఆమె బద్దను తొడమీద పరిచి, బెండు గీయడం మొదలుపెట్టింది. మూడు జానలు సాగి బద్ద పుటుక్కున విరిగింది. రెండోదీ అంతే.

"దీని వాదర మొరటుగా ఉంది," అంది.

మేస్త్రికి తెలుసు. దుకాణంలో అయిదు చాకులున్నాయి, అయిదూ మొరటువే. సన్నపని అంతా జేబులోని దానితోనే. నలభై ఏళ్లు పెద్ద మేస్త్రి చేతిలోనూ, పద్నాలుగేళ్లు తన చేతిలోనూ నూరీ నూరీ దాని అలుగు సగానికి సగం అరిగిపోయింది. పిడి మీద బొటనవేలు ఆనేచోట గుంట పడింది. ఆ గుంట పెద్ద మేస్త్రి వేలిది. ఎన్నేళ్లు పట్టుకున్నా తన వేలు అందులో సరిగ్గా ఇమడలేదు.

అసలు ఆయన దొంగతనం చేద్దామని చేసిన మనిషి కాదు. చాకు చేతికొచ్చిన మర్నాడే ఆమె ఊరికి బయల్దేరాడు. బస్సుకు గంట టైముంది. సగం అయిన కుర్చీ ఒకటి కనబడింది. పోనీ ఈ నాలుగు బద్దలూ గీసి వెళ్దామనుకుని చాకు తెరిచాడు. అంతే. ఆ చాకుతో బద్ద గీస్తే వెన్నమీద గీసినట్టుంది. పదకొండేళ్లుగా పక్కన కూర్చుని చూసిందే గాని ఒక్కసారీ ముట్టుకోనివ్వలేదు ముసలాయన. 'దుకాణమంతా నాకిచ్చి, దాని ప్రాణం మాత్రం ఆ పిల్లకా? చేతిపనిని కాలదన్ని పోయినదానికా?' అని మనసులో ఒక్కమాట మెదిలింది. బస్సు వెళ్లిపోయింది. రేపు ఇద్దాం అనుకున్నాడు. పద్నాలుగేళ్లూ ఆ రేపు రేపుగానే ఉండిపోయింది.

ఆ తర్వాత మేస్త్రికి ఇచ్చే జబ్బు పట్టుకుంది. ఎవరు ఏ వస్తువు బాగుందన్నా తీసి ఇచ్చేసేవాడు. తండ్రి వాచీ పక్కింటి కుర్రాడి పెళ్లికి ఇచ్చాడు. ముచ్చటపడి కొనుక్కున్న సైకిలు పాలవాడికిచ్చాడు. తన పెళ్లికి తానే అల్లుకున్న ఊగుడు కుర్చీ, ఎవరో నడుంనొప్పి అంటే, మోసుకెళ్లి వాళ్లింట్లో పెట్టొచ్చాడు. పెద్ద మేస్త్రి పోలిక వచ్చిందని వీధంతా మెచ్చుకుంది. ఆయన భార్య మాత్రం ఒకరోజు, ఖాళీ అయిన గోడలు చూస్తూ, "ఇల్లు ఖాళీ అవుతోంది, మీ పేరు నిండుతోంది. ఆ జేబులోది తప్ప అన్నీ ఇస్తున్నారు" అంది. వీధిలో అందరిలాగే అది తనకిచ్చిందనే ఆమె కూడా అనుకుంటోందని మేస్త్రి సర్దిచెప్పుకున్నాడు. ఆమె మళ్లీ ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడా భార్యే లోపలి గదిలోంచి రెండు గ్లాసుల టీ తెచ్చింది.

"బాగున్నావా వదినా?" అని లేవబోయింది పెద్ద మేస్త్రి కూతురు.

"కూర్చో, కూర్చో. చేతిలో పని ఉంచుకుని లేవకూడదని మీ నాన్నే అనేవాడు." గ్లాసులు కిందపెట్టి, ఇద్దరి మొహాలూ చెరో క్షణం చూసి, లోపలికి వెళ్లిపోయింది.

టీ సగం తాగేసరికి ఎదురింటి దర్జీ పాతగుడ్డల పార్సిలొకటి చంకన పెట్టుకుని ఊడిపడ్డాడు. ఆయన కంట పడకుండా ఈ దుకాణంలోకి ఈగ కూడా రాలేదు.

"ఏం బుల్లమ్మా, పనిలో దిగిపోయావే! మేస్త్రీ, కత్తెర సానకిచ్చాను, ఓసారి చాకియ్యి. ఈ తాడు ముడి పీటముడి పడి చచ్చింది."

"ఇదిగో, ఇది తీసుకో," అని మేస్త్రి గోడమీది ఇంకో చాకు అందుకున్నాడు.

"అదెవడికయ్యా కావాలి? నీ జేబులోది తియ్యి." దర్జీ ఆమె వైపు తిరిగి, గొప్ప రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "మీ నాన్నదేనమ్మా. పోతూ పోతూ ఈయన చేతిలో పెట్టి, నువ్వే దీనికి తగినవాడివిరా అన్నాట్ట. వీధిలో ఎవరికి తెలీదు! స్నానానికి వెళ్లినా గుమ్మం మీద పెట్టుకుని వెళ్తాడు, అంత భక్తి."

మేస్త్రికి నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది. నేలలు మనం అడిగినప్పుడు విచ్చుకోవు. దర్జీ చెయ్యి చాచి నిలబడ్డాడు. మేస్త్రి జేబులో చెయ్యి పెట్టి చాకు తీశాడు. దర్జీ దాన్ని తెరిచి, తాడు టక్కున కోసి, మడిచి తిరిగి ఇచ్చి, "మధ్యాహ్నం మా ఇంట్లోనే భోంచెయ్యాలి, ఆవిడ చెప్పమంది" అని ఆమెకు చెప్పి వెళ్లిపోయాడు.

తొట్టిలో ఒక బద్ద నీటిమీదికి తేలి, మళ్లీ మునిగింది.

"నీకిచ్చాడా," అంది ఆమె.

అది ప్రశ్నలా లేదు. మేస్త్రి చాకును మళ్లీ జేబులోకి తోశాడు.

"మంచి పని చేశాడు." ఆమె మళ్లీ బద్ద అందుకుంది. "పదకొండేళ్లు నువ్వు పక్కన ఉన్నావు. మందులు పోశావు, మంచం దులిపావు. నేను అయిదేళ్లు మొహం కూడా చూపించలేదు. నీ దగ్గర ఉండటమే న్యాయం అన్నయ్యా. నేనేం అనుకోను."

ఇంకేం కావాలి? దొరికిపోయాననుకున్నవాడికి దారి దొరికింది. ఊఁ అంటే చాలు, ఆమె కుర్చీ అల్లుకుని, దర్జీ ఇంట్లో భోంచేసి, సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతుంది. చాకు జేబులోనే ఉంటుంది. ఇక జన్మలో ఎవరూ అడగరు.

మేస్త్రి ఆమెకెదురుగా కూర్చుని కుర్చీ చట్రానికి రెండోవైపు నుంచి బద్దలు అందుకున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ అలాగే అల్లేవాళ్లు, ఆమె నిలువు పోగులు దూరుస్తుంటే ఈయన అడ్డ పోగులు. ఆమె చెయ్యి ఏదీ మర్చిపోలేదు. బద్దను బెజ్జంలోంచి లాగి, కొయ్యచీల బిగించి, మళ్లీ పక్క బెజ్జంలోకి. ఈయన చేతులే ఎవరివోలా ఉన్నాయి.

"అన్నయ్యా."

"ఆఁ?"

"ఒక బెజ్జం వదిలేసి దూర్చావు."

చూసుకున్నాడు. నిజమే. పాతికేళ్ల పనిలో ఆ తప్పు చేయలేదు. బద్ద వెనక్కి లాగబోతే అది చేతిలోనే తెగింది. ఆ తెగిన ముక్కను పట్టుకుని, దాన్నే చూస్తూ అన్నాడు.

"నాకివ్వలేదమ్మా."

ఆమె చేతులు ఆగాయి.

"నాకివ్వలేదు. నీకిమ్మన్నాడు. ఇది బుల్లికి, నువ్వే తీసుకెళ్లి ఇవ్వు అన్నాడు. నేనే ఇవ్వలేదు. నువ్వే తగినవాడివిరా అన్నాడని వీధిలో చెప్పింది కూడా నేనే. ఆయన అలా అనలేదు. నేనే కల్పించాను."

చాకు తీసి, రెండు చేతులతో ఆమె ముందు చట్రం అంచున పెట్టాడు. ఆమె వెంటనే ముట్టుకోలేదు. కొంతసేపు చూసి, చూపుడువేలితో పిడి మీది గుంటను తాకింది. తర్వాత చేతిలోకి తీసుకుంది. బొటనవేలు ఆ గుంటలో సరిగ్గా కూర్చుంది. మేస్త్రి చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"దీని సంగతి నీకు తెలీదు కదూ?" అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది. "నాకు ఎనిమిదేళ్లప్పుడు మొదలైంది. ఆ చాకు నాకివ్వు నాన్నా అని పేచీ పెట్టేదాన్ని. 'ఒక మూర బద్దను దారమంత సన్నగా, విరక్కుండా గీసి చూపించు, ఇస్తాను' అన్నాడు. పన్నెండేళ్లకే గీశాను. చూశాడు, నలిపాడు, ఎండలో పట్టుకున్నాడు, 'ఇంకా కాలేదు' అన్నాడు. పదిహేనేళ్లకు గీశాను, ఇంకా కాలేదు. ఇరవయ్యేళ్లకు, ఇంకా కాలేదు. పోట్లాడి వెళ్లిపోయిన రోజు కూడా గుమ్మంలో నిలబడి చివరిమాట అదే. ఇంకా కాలేదు, పో."

ఆమె చాకు తెరిచి, ఒక బద్ద తీసుకుని గీసింది. బెండు ఉల్లిపొరలా చుట్టలు చుట్టుకుంటూ జానలు జానలుగా దిగింది. బద్ద విరగలేదు.

"ఆయన ఈ చాకు పంపించాడంటే ఏమిటో తెలుసా? అయిపోయింది, ఇక రా, అని. నాన్న నోటితో అనే రకం కాదు. ఉత్తరం రాసే రకం కాదు. నన్ను క్షమించానని గాని, తనను క్షమించమని గాని ఆయన చెప్పగలిగింది ఇదొక్కటే. ఇది చేతికొస్తే ఆ బట్టలతోనే పరుగెత్తుకొచ్చేదాన్ని."

దానికి అర్థమవుతుంది, అన్న ముసలాయన మాట ఇప్పుడు మేస్త్రికి అర్థమైంది. ఇన్నాళ్లూ తను ఒక వస్తువును ఆపాననుకున్నాడు. వస్తువైతే ఇంకో వస్తువుతో తీరేదేమో. వాచీ, సైకిలు, ఊగుడు కుర్చీ, ఇంట్లో ఉన్నవన్నీ ఊళ్లో పంచినా తీరనిది ఇదన్నమాట.

ఇక్కడితో ఆపేయవచ్చు. చెప్పాల్సింది చెప్పాడు, ఇవ్వాల్సింది ఇచ్చాడు. కాని లోపల ఇంకొకటుంది. అది చాకు కన్నా పదునైనది. మేస్త్రి దాన్ని తన భార్యకే కాదు, తనకు తానుగా కూడా ఎప్పుడూ తిన్నగా చెప్పుకోలేదు.

"ఇంకొకటుందమ్మా," అన్నాడు. "అది విన్నాక నువ్వు నన్ను అన్నయ్యా అని పిలవక్కర్లేదు."

ఆమె తలెత్తింది.

"చాకు చేతికొచ్చిన నాలుగోరోజు సాయంత్రం, ఆయన మంచం మీద కూర్చుని కాళ్లు పడుతున్నాను. చాకు నా జేబులోనే ఉంది. 'ఇచ్చావా?' అన్నాడు. రేపు ఎలాగూ ఇస్తాను కదా, అప్పుడు ఇదే నిజమైపోతుందిలే అనుకుని, 'ఇచ్చాను' అన్నాను. ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకోలేదు. లేచి కూర్చోబోయాడు. లేవలేని మనిషి. నా చెయ్యి పట్టుకుని, 'ఏమంది?' అన్నాడు."

ఆమె చేతిలోని చాకు కదలడం లేదు.

"సంతోషించింది అంటే, మరి రాలేదేం అంటాడు. ఏం చెప్పాలో తోచలేదు. 'ఏమీ అనలేదు. తీసుకుని లోపలికి వెళ్లిపోయింది' అన్నాను."

"మళ్లీ చెప్పు."

"అమ్మా..."

"నేనేమన్నానని చెప్పావో, ఆ మాట మళ్లీ చెప్పు."

"ఏమీ అనలేదు. తీసుకుని... లోపలికి వెళ్లిపోయింది."

"అప్పుడు నాన్న ఏం చేశాడు?"

"నా చెయ్యి వదిలేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు."

"ఎన్నాళ్లున్నాడు ఆ తర్వాత?"

"తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులు," అంది ఆమె. "మరి ఆ తొమ్మిది రోజుల్లో, ఒక్కరోజు కూడా..."

"రోజూ అనుకున్నాను. కాని ఇస్తే నువ్వు వస్తావు. నువ్వు వస్తే నా అబద్ధం ఆయన ముందు బయటపడుతుంది. మొదటిరోజు ఇవ్వకపోవడం ఆశ. ఆ తర్వాత ఇవ్వకపోవడం భయం. ఆయన పోయాక..."

ఆమె చాకు మడిచింది. టిక్కుమన్న ఆ చిన్న చప్పుడుకు మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. తిడుతుందనుకున్నాడు. చెయ్యి చేసుకున్నా బాగుండుననుకున్నాడు. ఆమె ఆ రెండూ చేయలేదు. చాకును గుప్పిట్లో బిగించి, గుప్పిటను నుదుటికి ఆనించుకుంది. భుజాలు మాత్రం రెండుసార్లు ఎగిసిపడ్డాయి.

"ఆ నెలలో రెండు ఆదివారాలు వచ్చానన్నయ్యా," అంది చివరికి, తల ఎత్తకుండానే. "వీధి మొదట్లో బస్సు దిగాను. నాన్న అందర్నీ పిలిచి వస్తువులిస్తున్నాడని పోస్టుమ్యాను బాబాయ్ చెప్పాడు. నన్ను పిలవలేదు కదా అనుకున్నాను. రోషం. అదే బస్సు తిరుగు ట్రిప్పులో ఎక్కి వెళ్లిపోయాను. రెండోసారి దర్జీ మామయ్య గుమ్మం దాకా వచ్చాను. మా కిటికీ తెరిచి ఉంది. నాన్న దగ్గు వినబడింది. ఇరవై అడుగులు అన్నయ్యా. ఇరవై అడుగులు నడవలేకపోయాను."

మేస్త్రి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఇరవై అడుగుల ఇవతల ఆ రోజు తనే ఉన్నాడు, జేబులో ఆ పిలుపుతో. ఏడవలేదు. ఏడిస్తే తన బరువు దిగిపోతుందేమోనని, దిగే అర్హత తనకు లేదని అనిపించి, పళ్లబిగువున ఆపుకున్నాడు.

"నీ ఒక్కడిదే తప్పంటే నాకు సుఖంగా ఉండేది," అంది ఆమె. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అంతా నీ మీద వేసేసి వెళ్లిపోదును. ఆ ఇరవై అడుగులు మాత్రం నావే. వాటిని నీకిచ్చుకోలేను." మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది: "కానీ ఆ అబద్ధం సంగతి ఉత్తరంలో లేదు."

మేస్త్రి చేతులు మొహం మీంచి జారాయి. "ఏ ఉత్తరం?"

ఆమె ఆయన్ను కాసేపు చూసింది. చెప్పనా వద్దా అన్నట్టున్న చూపు. తర్వాత చేతిసంచీ తెరిచి, నాలుగు మడతల కాగితం తీసి చట్రం మీద పరిచింది.

"పన్నెండు రోజుల కిందట వచ్చింది. పేరు లేదు, ఊరు లేదు. నేను ఊరికే కుర్చీ మోసుకుని ఎందుకొస్తాను అన్నయ్యా? చాకు నీ జేబులో ఉందని తెలిసే చాకు అడిగాను. దర్జీ మామయ్య చెప్పినప్పుడు, నీకిచ్చాడా, మంచి పని చేశాడు అన్నానే, అప్పుడు నువ్వు ఊఁ అని ఉంటే నేను మారుమాట్లాడకుండా వెళ్లిపోయేదాన్ని. అడగొద్దని రాసి ఉంది మరి."

మేస్త్రి కాగితం మీదికి వంగాడు. మొదటి అక్షరం దగ్గరే ఆయన చూపు ఆగిపోయింది. కొమ్ములు కుడివైపుకు పడుకున్నట్టుండే రాత. బాగుకొచ్చిన ప్రతి కుర్చీ కాలికీ ఎవరిదో రాసి కట్టే చీటీల మీద, ఇరవయ్యేళ్లకు పైగా రోజూ చూస్తున్న రాత.

'మీ నాన్నగారు మీకు పంపిన చాకు దుకాణంలోనే, మా ఆయన జేబులో ఆగిపోయింది. ఏదైనా ఒక కుర్చీ తీసుకుని రండి. మీరుగా అడక్కండి. ఆయనే చెప్పాలి. చెప్పకపోతే ఆయన బాగుపడరు. చెప్పిన తర్వాత నన్ను అడగండి. ఆగిపోయింది అదొక్కటే కాదు. రెండోది నా దగ్గరుంది.'

మేస్త్రి మెల్లగా తల తిప్పాడు. లోపలి గది గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. ఆమె మొహంలో కోపం లేదు. ఇన్నేళ్లూ తను రోజూ అద్దంలో చూసుకున్న దొంగ మొహంలా ఉందది.

"నీకు... ఎప్పటినుంచి తెలుసు?" అన్నాడు.

"మీరు ఆయన కాళ్లు పడుతున్న రోజునుంచీ. జావ గిన్నె పట్టుకుని తలుపవతల నేనే ఉన్నాను." ఆమె మొగుడి వైపు చూడటం మానేసి పెద్ద మేస్త్రి కూతురి ముందుకొచ్చి, నేలమీద కూర్చుంది. "నన్ను కూడా తిట్టుకో అమ్మా. ఆయన పరువు పోతుందని నేను నోరు కుట్టుకున్నాను. మీ నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఊరుకున్నాడని ఈయన అనుకుంటున్నారు."

"ఊరుకోలేదా?" అంది పెద్ద మేస్త్రి కూతురు.

మేస్త్రి భార్య తల అడ్డంగా ఊపింది.

"ఈయన అటు వెళ్లగానే నన్ను దగ్గరికి పిలిచి, కాగితం తెమ్మన్నాడు."